బాషా ఉండాడులే

రా అబ్బయా, కూర్చో. ఆ మంచం మీద గాదు, నులక కుంగిపోయుండాది, ఈ కుర్చీ లాక్కో. ఏందీ, కాలవ కాడికి పోయొచ్చినావా? పాత రేవు మెట్లు చూసినావా? ఆ బండ మీద పేరు గూడా చదివినావా? "పద్మనాభయ్య గారి ధర్మం" అని ఇంకా ఉండాదా? చెరిగిపోలేదా? థూ! ఈ ఉప్పు గాలికి ఇనప కమ్మీలే పొట్టు పొట్టుగా రాలిపోతుండాయి, ఆ అక్షరాలు మాత్రం చెక్కు చెదర్లేదు చూడు. పుణ్యాత్ముడంటనా? ఎవురు చెప్పినారు నీకు ఆ మాట? చెప్పినోడి నోట్లో మన్ను పడ. ఆ ధర్మం ఎట్టొచ్చిందో నేను చెప్తా, వినిపో. ఆ మెట్ల కింద మా బావ ఉసురుండాది. మా బావంటే మా షాజాదక్క మొగుడు, అమీర్ బాషా. గాలం బాషా అనేవాళ్ళు ఊళ్ళో. నువ్వు వినుండవులే. నువ్వేంది, మీ నాయన గూడా అప్పటికి పుట్టుండడు.

మా బావ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇళ్ళల్లో అందరిదీ అదే పని గదా అప్పుడు. తెల్లార్తో మొదులుపెడితే పైటాల దాకా ఆ ఏకే విల్లు టంగ్ టంగ్ మని మా వీధంతా మోగతానే ఉండేది. మీసాల మీద దూది, కనుబొమ్మల మీద దూది, ముప్పై దాటీ దాటకముందే ముసిలోడి మాదిరి కనబడేవాడు. ఆ దుమ్ము రొమ్ములో చేరి ఒకటే దగ్గు. కాలవ గాలి తగిల్తే కొంచెం దిగద్దని ఎవురో చెప్పినారంట, సరే ఊరికే కూర్చోవడమెందుకని గాలం చేతికి తీసుకున్నాడంట. ఇంక చూడు, పిచ్చి పట్టుకునింది. పైటాల అన్నం తిని, వెదురు కట్టె భుజానేసుకోని, కొబ్బరి చిప్పలో ఎర్రలు పెట్టుకోని రేవు కాడికి పోతే, పొద్దుగూకి ఆఖరు పడవ ఒడ్డుకు చేరేదాకా లేచేవాడు గాదు. రంజాన్ నెల్లో ఉపవాసంతో గూడా అక్కడే. జెల్లలు పడేవి, ఒక్కోతూరి మంచి పండుగప్ప పడేది. పడినా పడకపోయినా ఒకటే మొగం. మాట తక్కువ మనిషి. మా నాయన అనేవాడు, "ఈ అల్లుడు చేపలతో మాట్లాడినంత గూడా మనతో మాట్లాడడు" అని.

అయితే ఇక్కడుండాది అసలు సంగతి. అప్పుడు వంతెన లేదు గదా. అవతల గట్టున ఉప్పు కయ్యలు, సరుగుడు తోపులు. ఊళ్ళో ఆడోళ్ళు సగంమంది పడవెక్కి అవతలికి పోయి పని చేసుకోని పొద్దుగూకేటప్పటికి తిరిగొచ్చేవాళ్ళు. ఆ రేవు వేలం పాట పద్మనాభయ్యది. పెద్ద రైతులే, ఊళ్ళో సగం మాగాణి ఆయనదే, దాంతో చాలక ఈ పడవ గూడా కావాల్సొచ్చింది. పడవంటే ఏం పడవ! అడుగు చెక్కలు మెత్తబడిపోయి, పీచు కుక్కి, తారు పూసి తోస్తుండేది. గెడ వేసే వాళ్ళు ఇద్దరుండాల్సింది, ఒకణ్ణి మానిపించేసినాడు, ఉన్న ఒక్కడూ కళ్ళు మసకేసిన ముసిలోడు. ఎక్కేటప్పుడో దిగేటప్పుడో ఎవురో ఒకరు జారి పడతానే ఉండేవాళ్ళు. పడితే మా బావ గాలం అవతల పారేసి దూకేవాడు. పెరుగమ్మే ఆదిశేషమ్మను తీసినాడు, తలమీద కుండతో సహా మునిగిపోతుంటే జుట్టు పట్టి లాగినాడు. పిల్లకాయల్ని తీసినాడు. దూడల్ని తీసినాడు. ఎంతమందిని తీసినాడో ఆయనే లెక్క పెట్టుకోలేదు. తీసి, గట్టున కూర్చోబెట్టి, గుడ్డలు పిండుకోని, మళ్ళా గాలం కాడికి. దాంతో ఊరికి అలవాటైపోయింది. పడవలో నీళ్ళొస్తుండాయయ్యా అంటే, "బాషా ఉండాడులే". జనం జాస్తి ఎక్కినారయ్యా అంటే, "బాషా ఉండాడులే". పద్మనాభయ్య మీసం దువ్వుకుంటా నవ్వేవాడు, "పడితే ఏం, బాషా చేప బదులు మిమ్మల్ని పట్టుకుంటాడు" అని. అందరూ నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వినారో నాకు ఇప్పటికీ తెలవదు. ఒక మనిషి తన దగ్గు తగ్గడానికి గట్టున కూర్చుంటే, వాణ్ణి చూసుకోని ఓటి పడవెక్కిన ఊరు ఇది.

మా అక్క సంగతి చెప్పాల. పెళ్ళయి పదేళ్ళు దాటింది, పిల్లల్లేరు. కావలి తప్ప ఇంకో ఊరు ఎరగదు. ఒకనాడు పళ్ళెంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చోనిందంట. "ఏమయ్యా, నా చేతులు వాసన చూడు. సబ్బేసి రుద్దినా చేప వాసనే, చింతపండేసి రుద్దినా చేప వాసనే. నాకు చీరలొద్దు, గాజులొద్దు. నాలుగు దినాలు చేప మొగం చూడకుండా, గాలం మాటెత్తకుండా, నెల్లూరులో పిన్నమ్మ ఇంటికి పోదాం రా" అనింది. ఆయన, "నాలుగు దినాలా? మరి రేవు..." అన్నాడంట. "రేవేమన్నా మీ అబ్బ కట్టించినాడా?" అనింది మా అక్క. ఆమె నోరు అట్టాంటిదిలే. ఆయన కొంచేపు అన్నం కెలికి, లేచి చెయ్యి కడుక్కోని, గాలం కట్టె తీసి దూలం మీద పెట్టేసినాడంట. అంతే, ఒప్పుకున్నట్టు.

ఇది గట్టిగా వినుకో. ఊరికే పోలేదు ఆయన. పొయ్యే ముందు రేవు కాడికి పోయి పద్మనాభయ్యతో చెప్పినాడు. "అయ్యా, నేను నాలుగు దినాలు ఊళ్ళో ఉండను. పడవ అడుగున చెక్క ఊడొస్తుండాది, వానలొచ్చి కాలవ నిండుగా ఉండాది, బరువు తగ్గించి తోయించండి" అని. నేను పక్కనే ఉండా, అప్పుడు నేను బిట్రగుంట రైల్వే షెడ్డులో పని చేస్తుండా, వాళ్ళని రైలెక్కించడానికే వచ్చిండా. ఆదిశేషమ్మ గూడా పెరుగు తట్ట దించుకోని అక్కడే కూర్చోనుండాది. పద్మనాభయ్య ఏమన్నాడో తెలుసా? "నువ్వు లేకపోతే కాలవ ఎండిపోద్దా? పో పో, పెళ్ళాంతో షికారు చేసిరా పో." నా చెవులతో విన్నా.

చైనా వాడితో యుద్ధమొచ్చిన ఏడు అది. నెల్లూరులో కోటమిట్టలో మా పిన్నమ్మ వాళ్ళ ఇల్లు. ఆ నాలుగు దినాలు ఏం చేసినారో మా అక్క నాకు ఎన్ని మార్లు చెప్పిందో. సినిమా చూసినారు. సినిమా మధ్యలో ఈయన నిద్రబోయి గురక పెడితే ముందు వరసలో వాళ్ళు తిరిగి తిట్టినారంట. పిన్నమ్మ పాయా వండి పెడితే కంచంలో రొట్టె ముంచుకోని, "షాజాదీ, లోకంలో ఇట్టాంటి కూరలు గూడా ఉండాయా" అన్నాడంట. సాయంత్రం పెన్న ఆనకట్ట కాడికి పోయినారు. కొత్త నీళ్ళొచ్చి ఏరు ఎర్రగా పారతుండాది, గట్టున గాలాలు వేసుకోని నలుగురు కూర్చోనుండారు. వాళ్ళలో ఒకడి గాలం లాగింది. వాడు చూసుకోవడం లేదు, ఎవురితోనో మాట్లాడతుండాడు. మా బావకి చేతులు ఆగడంలేదు. లుంగీ కొస పట్టుకోని పిసుకుతుండాడంట. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వు. "పట్టుకుంటే నిన్నిక్కడే ఇడిచిపెట్టి పోతా" అనింది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకోని నిలబడినాడంట, బడిలో అయివారు నిలబెట్టినట్టు. చేప తప్పించుకోని పోయింది. అప్పుడు ఆయన గూడా నవ్వినాడంట, దగ్గు వచ్చేదాకా నవ్వినాడంట. ఆమె బతుకు మొత్తంలో ఆయన అట్ట నవ్వడం అదొక్కమారే చూసిందంట. ఒక మొగుడూ పెళ్ళాం నాలుగు దినాలు సంతోషంగా ఉంటే, దానికి ఈ ఊరు వేసిన శిక్ష చూడు ఇంక.

వాళ్ళు నెల్లూరులో ఉండగానే ఇక్కడ పడవ బోల్తా పడింది. ఉప్పు కయ్యల్లో నుంచి పని దిగిన ఆడోళ్ళు ఎక్కినారు. వాళ్ళతో పాటు పద్మనాభయ్య సరుగుడు కట్టెలు, ఆయన ఇంటికే, పెళ్ళి పొయ్యిలకంట, మోపులు మోపులు అదే పడవలో వేయించినాడు. ఆడోళ్ళు అరిచినారంట, "అయ్యా, కట్టెలు ఇంకో తిప్పులో వెయ్యండి" అని. వెయ్యలేదు. నడి కాలవలో చెక్క ఊడింది, మోపులన్నీ ఒక పక్కకు జారినాయి, పడవ తిరగబడిపోయింది. ఆ మోపులే పట్టుకోని కొందరు తేలినారు, కొందరు ఈదుకున్నారు. చర్చి కాడ పల్లెలో హెబ్రోను అని ఉండేవాడు, పద్మనాభయ్య కాడే పాలేరు, ఆయనకి ఒక్కతే కూతురు, కరుణాకుమారి. ఆ పిల్ల మీద మోపు పడింది. చీర దానికి తగులుకునింది. చెయ్యి పైకెత్తిందంట రెండు మార్లు. ఒడ్డున మొగోళ్ళు లేరా అంటావా? ఉండారు! ఈత రాదా? కాలవ ఒడ్డున పుట్టినోళ్ళు, ఈత రాకుండా ఎట్టుంటారు! అందరూ మా బావ కూర్చునే తావు వైపు చూస్తుండారంట. "బాషా ఏడి? బాషా ఏడి?" అని అరస్తుండారంట. వాళ్ళు బాషాని వెతికేలోపల ఆ పిల్ల చెయ్యి కనబడకుండా పోయింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల అబ్బయా! ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మా వీధి దాకా వినబడేది. నేను బిట్రగుంట నుంచి సైకిలేసుకోని వచ్చేటప్పటికి గట్టున పడుకోబెట్టి గోనె పట్టా కప్పుండారు.

మా వాళ్ళకి కబురు తెలవదు. అనుకున్న దినానికి రైలు దిగి, బండెక్కి వచ్చినారు. మా అక్క చేతుల నిండా కొత్త గాజులు, ఒళ్ళో అందరికీ పంచడానికి మిఠాయి పొట్లం. ఎదురొచ్చినోళ్ళు ఒక్కరు పలకరించలేదంట. ఇంటి ముందర బండి దిగతుంటే ఎవడో అన్నాడు, "సినిమా బాగుండిందా బాషా?" అని. వాడు చచ్చిపోయినాడులే, పేరెందుకు. అప్పుడు నేను చెప్పినా, ఇట్ట జరిగింది బావా అని. ఆయన బండి చక్రం పట్టుకోని అక్కడే కూలబడిపోయినాడు.

మరసటి దినం పంచాయతీ ఆఫీసు ముందర ఊరంతా చేరింది. చేర్చింది ఎవురనుకున్నావు? పద్మనాభయ్యే. కుర్చీలో కూర్చోని, గొంతు సవరించుకోని, "దినామూ అక్కడ కూర్చునేవాడు, మనమంతా ధైర్యంగా ఉండేది వాణ్ణి చూసే గదా. చెప్పా పెట్టకుండా షికారుకి పోతే ఎట్ట? ఒక మాట చెప్పుంటే నేను పడవ ఆపేసుండనూ?" అన్నాడు.  నేను లేచి, "చెప్పినాడు, నేను పక్కనే ఉండా" అంటే, "నువ్వు బామ్మర్దివి, నీ మాట చెల్లదు కూర్చో" అన్నారు. మా అక్క లేచింది. ఆడోళ్ళు పంచాయతీలో లేచే రోజులు గావు అవి. "పడవ ఎవురిది? పాట ఎవురిది? కట్టెలు ఎవురివి? నా మొగుడికి మీరెవురన్నా జీతమిచ్చి కూర్చోబెట్టినారా?" అనింది. "అబ్బో, షికారు చేసొచ్చిన గొంతు" అన్నారు వెనకనుంచి. ఆమె అది పట్టించుకోలేదు. తిరిగి ఆదిశేషమ్మను చూసింది. "అత్తా, నువ్వు ఆడనే ఉండావు గదా. ఈయన చెప్పింది నువ్వు విన్లేదా?" ఆదిశేషమ్మ కొంగు సర్దుకోని, నేల చూసి, "నాకు చెవులు సరిగా వినబడవమ్మా" అనింది. జుట్టు పట్టి బయటికి లాగినాడు ఆమెని! పద్మనాభయ్య ఇంట్లో రోజూ పెరుగు పొయ్యాల గదా, అదీ ఆమె చెవుడు. మా బావ ఏం చేసినాడు? చేతులు కట్టుకోని, "తప్పే" అన్నాడు. "నేను పోకుండా ఉండాల్సింది" అన్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది ఆ పొద్దు.

అప్పుడు లేచినాడు హెబ్రోను. దూరంగా గోడ వార కూర్చోనుండాడు, ఎవురూ చూడను గూడా లేదు. బిడ్డని పూడ్చిపెట్టి వచ్చిన మనిషి. నింపాదిగా నడిచొచ్చి మా బావ పక్కన నిలబడినాడు. "అయ్యా, నా బిడ్డ చచ్చింది పడవ మునిగి. బాషా లేక గాదు" అన్నాడు. అంతే.  పద్మనాభయ్య కండువా దులుపుకోని లేచి పోయినాడు.

పోలీసులొచ్చినారు తర్వాత. వస్తే ఏం? పద్మనాభయ్య ఇంట్లో భోంచేసి, రేవు కాడ నాలుగు మాటలడిగినారు. ఊరంతా ఒకటే పాట పాడింది. ఆ పిల్ల పడవలో లేచి నిలబడి ఎగిరిందంట, ఆటలాడిందంట, అందుకని బోల్తా పడిందంట. చచ్చిపోయిన పిల్ల మీదికి తోసేసినారు! ఆ పడవలో ఉండే ఆడోళ్ళు గూడా ఆ మాటే చెప్పినారు, రేపు కయ్యల్లోకి పోవాలంటే ఆ పడవే ఎక్కాల గదా. మా బావ ముందుకు పోయి చెక్క సంగతి చెప్పబోతే, "నువ్వు ఆ దినం ఊళ్ళో ఉండావా? లేవు గదా, నీకేం తెలుసు పోవయ్యా" అని నెట్టేసినారు. చూసినావా న్యాయం? ఊళ్ళో లేవని తిట్టిందీ ఆయన్నే, ఊళ్ళో లేవని నోరు మూయించిందీ ఆయన్నే. హెబ్రోనుని పని మానిపించేసినాడు పద్మనాభయ్య. అదే చెక్కకి ఇంకో చెక్క కొట్టించి, తారు పూసి, అదే పడవ మళ్ళా నీళ్ళలో దించినాడు.

మా బావ గాలం మళ్ళా ముట్టలేదు. కట్టె దూలం మీదనే. కానీ రేవుకి పోవడం మాన్లేదు. అదీ నా కడుపు మంట. ముందు పైటాల మించి పోయేవాడా, ఇప్పుడు తెల్లార్తో మొదటి పడవకే పోయి కూర్చునేవాడు. దూది ఏకడం మూలబడింది. మా అక్క ఇళ్ళిళ్ళు తిరిగి పరుపులు కుట్టి అన్నం తెచ్చేది. ఆయన గట్టున కూర్చోని, ఎక్కేవాళ్ళని చూస్తా, దిగేవాళ్ళని చూస్తా, ఉత్త చేతులతో. ఊరు ఊరుకునిందా? కొంచెం దినాలు సిగ్గుపడినట్టు తలొంచుకోని ఎక్కినారు. తర్వాత మళ్ళా మొదులు, "బాషా ఉండాడులే." నాకు తిక్క రేగి ఒకనాడు రేవు కాడే రెక్క పట్టుకోని లేపినా. "నువ్వేమన్నా వీళ్ళ కాపలా కుక్కవా? నిన్ను అన్ని మాటలన్న పద్మనాభయ్య పడవకి కాపలా కూర్చుంటావా?" అని అరిచినా. ఆయన చెయ్యి ఇడిపించుకోని, "మీరావలీ, ఎక్కేది పద్మనాభయ్య కాదురా" అన్నాడు.  

రెండు వానకాలాలు అట్టనే గడిచినాయి. ఆ తర్వాత ఏడు, బో వానలు, కాలవ గట్టు అంచు దాకా నీళ్ళు. పొద్దున్నే ఆడోళ్ళు ఎక్కి కూర్చోనుండారు, పడవ అడుగున నీళ్ళు ఊరతుండాయి, ఒకామె చేత్తో తోడి పోస్తుండాది. మా బావ పోయి పడవ ముందర నడుం లోతు నీళ్ళలో నిలబడినాడు. "ఈ పొద్దు వద్దు, దిగండమ్మా" అన్నాడు. పద్మనాభయ్య గట్టు మీద గొడుగు పట్టుకోని ఉండాడు. "ఎందుకయ్యా భయపెడతావు? ఉండావు గదా నువ్వు!" అన్నాడు. నవ్వతానే అన్నాడు. మా బావ ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టుకోని దించినాడు. దించి, గట్టెక్కి, ఊళ్ళోకి పోయినాడు. తిరిగొచ్చేటప్పుడు భుజం మీద గొడ్డలి. పక్కన హెబ్రోను, ఆయన భుజం మీద ఇంకోటి. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, ఇద్దరూ పడవని గట్టు మీదికి లాగి బోర్లా వేసినారు. హెబ్రోను మొదటి దెబ్బ వేసినాడు. చెక్క పగల్లేదంట అబ్బయా, మెత్తగా, పుచ్చిపోయిన దుంప మాదిరి గొడ్డలి లోపలికి దిగిపోయిందంట. పద్మనాభయ్య అరస్తుండాడు, "పట్టుకోండ్రా, ఆపండ్రా" అని. ఒక్కడు కదల్లేదు. ఆ ఒక్క దినం ఈ ఊరు మనిషి మాదిరి ఉండింది. మా బావ దగ్గతా కొడతానే ఉండాడు, పడవ ఆకారం అనేది లేకుండా పొయ్యేదాకా. ఆ తర్వాత ఇద్దరూ గొడ్డళ్ళు కింద పెట్టి, ఆ చెక్కల మీదే కూర్చోని పోలీసుల కోసం ఎదురు చూసినారు.

జైలు వేసినారు ఇద్దరికీ. ఇంకొకరి పడవ పగలగొట్టినందుకు. ఆ పిల్ల పోయినప్పుడు ఎవురికీ వెయ్యలేదు, చెక్కలకి మాత్రం వేసినారు. పడవ లేకపోయేటప్పటికి ఉప్పు పని ఆగిపోయింది, పైనుంచి అధికారులొచ్చి గట్టిగా అడిగినారు, అప్పుడు చేయించినాడు పద్మనాభయ్య కొత్త పడవ, కట్టించినాడు ఆ మెట్లు, చెక్కించుకున్నాడు పేరు. అదీ ఆయన ధర్మం! హెబ్రోను బయటికొచ్చి గూడూరు పక్క పనులకి పోయినాడు, మళ్ళా రాలేదు. మా బావని అక్క కోటమిట్టకి తీసుకుపోయింది. జైల్లో రొమ్ము మరీ చెడిపోయుండాది, రెండేళ్ళు గూడా నిలవలేదు మనిషి. లేదు అబ్బయా, పట్టుకోలేదు గాలం. పెన్న గట్టు మీద కూర్చునేవాడు, అంతే.

మా అక్క చాన్నాళ్ళు బతికింది. ఈ ఊళ్ళో ఏ పెళ్ళికొచ్చినా, ఏ చావుకొచ్చినా ఆడోళ్ళు గొణుక్కునేవాళ్ళు, ఈమె షికారుకి పోయినందుకే గదా ఆ పిల్ల పోయింది అని. ముసిలోళ్ళు చెప్తే పడుచోళ్ళు నేర్చుకున్నారు ఆ మాట. ఆఖరు రోజుల్లో నేనే అడిగినా, నోరాగక. "అక్కా, ఎప్పుడన్నా అనిపించిందా, పోకుండా ఉండుంటే బాగుండునని?" మంచం మీద లేవలేక ఉండాది. నన్ను చూసిన చూపుంది చూడు, కాల్చేసే చూపు. "ఎందుకురా? ఇంకో నాలుగు దినాలు ఉండాల్సింది మేము" అనింది.

...

ఆ తలుపు దగ్గరికెయ్యి అబ్బయా, దుమ్ము లోపలికొస్తుండాది. మీ అమ్మకి జొరం తగ్గిందా?